ముడి విప్పిన చేయి: ప్రాచీన నగరంలో గ్రంథిభేదకుడు – శాస్త్రం, కావ్యం, అనుమానం

ప్రవేశిక

తెలుగులో ‘కొంగుబంగారం’ అన్న మాట కోరినప్పుడల్లా ఆదుకొనే దైవానికి, మనిషికి విశేషణంగా వాడుకలో ఉంది. ఆ మాట వెనుక ఉన్న వస్తువు మాత్రం చాలా సాదాది. చీరకొంగులోనో పంచెచెంగులోనో పెట్టి ముడివేసుకొన్న బంగారం అది. కుట్టని బట్ట కట్టిన సమాజంలో మనిషి వెంట నడిచే ధనానికి ముడే పెట్టె, ముడే తాళం. రొంటిన దోపుకోవడం, ఒడిలో పోసుకోవడం, ముడుపు కట్టడం, మూటాముల్లె సర్దుకోవడం వంటి పలుకుబడులు ఆ ఏర్పాటు మిగిల్చిన ఆనవాళ్లే. ‘జేబు’ అరబీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. కాబట్టి ‘జేబుదొంగ’ అన్న సమాసం జేబు కన్నా పాతది కాజాలదు. ఆ దొంగ మాత్రం ఆ సమాసం కన్నా చాలా పాతవాడు. జేబు లేని నగరంలో అతని పేరు ‘గ్రంథిభేదకుడు’. ముడిని విప్పేవాడు, లేదా కోసేవాడు అని దాని అర్థం.

ప్రాచీన భారతీయ సాహిత్యంలో చౌర్యాన్ని గురించిన పరిశోధన చాలావరకు కన్నపుదొంగ చుట్టూ తిరిగింది. మారిస్ బ్లూంఫీల్డ్ 1923లో భారతీయ కథాసాహిత్యంలోని దొంగతనపు కళను గురించి రాసిన వ్యాసం ఈ దృష్టికి మంచి ఉదాహరణ. కన్నం వేయడంలోని నేర్పు, చోరశాస్త్రం, దానికి ఆచార్యులుగా చెప్పుకొనే మూలదేవాదుల పేర్లు పండితులను ఆకర్షించడం సహజమే. ఆ ఆకర్షణలో సంతలో ముడి విప్పే చిల్లరదొంగ పక్కకు జరిగిపోయాడు. శాస్త్రం ఈ ఇద్దరినీ శిక్షించింది; కావ్యం మాత్రం ఒకరినే నాయకుణ్ణి చేసింది. రెండోవాడి పేరు తిట్టుగా మిగిలింది. ఈ తేడాకు కారణం చేసిన నేరంలో కన్నా, నేరస్థుడిగా ఊహించుకొన్న మనిషి పుట్టుకలో ఉందని ధర్మశాస్త్ర, అర్థశాస్త్ర, కావ్య ఆధారాలతో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

రేవు, సంత, సందడి

కన్నపుదొంగకు చీకటి కావాలి, ఒంటరితనం కావాలి. గ్రంథిభేదకుడికి కావలసింది పగలు, జనం. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణం ‘కంటకశోధనం’. సమాజానికి ముళ్లవంటి వారిని ఏరివేసే విధానం అందులోని విషయం. అక్కడ గ్రంథిభేదకుణ్ణి ‘తీర్థఘాతకుడి’తో కలిపి ఒకే సూత్రంలో చెప్పడం గమనించదగింది. తీర్థమంటే స్నానఘట్టం, రేవు, పుణ్యస్థలం. స్నానానికి దిగేవాడు బట్టను, బట్టతోపాటు ముడిని గట్టున వదలాలి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడి దృష్టి దేవుడి మీద ఉంటుంది, చెంగు మీద ఉండదు. యాజ్ఞవల్క్యస్మృతి గ్రంథిభేదకుణ్ణి ‘ఉత్క్షేపకుడి’తో జతచేసింది. బట్టలు మొదలైనవాటిని ఎత్తుకుపోయేవాడు ఉత్క్షేపకుడు. ఈ జతల వల్ల గ్రంథిభేదకుడి కార్యక్షేత్రం స్పష్టమౌతుంది. ఎవరూ ఎవరినీ పూర్తిగా ఎరుగని చోటు, ఒళ్లూ ఒళ్లూ రాసుకొనే చోటు, డబ్బు ముడి నుంచి బయటకు వచ్చి మళ్లీ ముడిలోకి పోయే చోటు అతనిది. పదిళ్ల పల్లెలో అతనికి పని లేదు.

అటువంటి చోటు తెలుగు నగరంలో ఎలా ఉండేదో క్రీడాభిరామం చూపుతుంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక పగలంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పూటకూళ్లింట రూకకు భోజనం దొరుకుతుంది. కోడిపందేలు, పొట్టేళ్ల పోరు, ఆటపాటలు చూడటానికి జనం మూగుతారు. అడుగడుగునా రూకలు చేతులు మారతాయి. నగరం మనిషికి ఇచ్చే సంతోషం ఈ సందడే. ముడి విప్పేవాడికి అవకాశం ఇచ్చేదీ ఈ సందడే.

పట్టణపు రాత్రి విషయంలో అర్థశాస్త్రానికి చాలా జాగ్రత్త ఉంది. పొద్దు గుంకిన తరవాత ఆరు నాళికలకు తూర్యం మోగితే వీధిలో తిరగడం నేరం. పది, ఇరవై లేదా నలభై కుటుంబాలకు ఒక గోపుడు ఉండి ఎవరు వచ్చారో ఎవరు పోయారో లెక్క చూస్తాడు. ఈ ఏర్పాటంతా కన్నపుదొంగను ఆపడానికి పనికివస్తుంది. పట్టపగలు సంతలో రెండు వేళ్లతో పని ముగించేవాడి ముందు ఇది నిష్ప్రయోజనం. అందుకే అతని విషయంలో రాజ్యం కాపలాకన్నా శిక్షను, శిక్షకన్నా గుర్తును ఎక్కువగా నమ్ముకొంది.

వేళ్లే పనిముట్టు, వేళ్లే శిక్ష

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం గ్రంథిభేదకుడికి మొదటిసారి పట్టుబడితే వేళ్లు, రెండోసారి పట్టుబడితే చేయి, కాలు కోయాలనీ, మూడోసారి వధించాలనీ చెప్పింది. యాజ్ఞవల్క్యుడు మొదటి నేరానికి ‘సందంశం’ తీసివేయాలన్నాడు, రెండో నేరానికి ఒక చేయి, ఒక కాలు అన్నాడు. 11-12 శతాబ్దాల సంధికాలంలో కల్యాణి చాళుక్యుల ఆశ్రయంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు గ్రంథిభేదకుడికి ఇచ్చిన వివరణ సూటిగా ఉంది. బట్టలో కట్టుకొన్న బంగారం మొదలైనవాటిని ముడి విప్పిగాని కోసిగాని అపహరించేవాడు గ్రంథిభేదకుడు.

ఇక్కడ ‘సందంశం’ అన్న మాట దగ్గర ఆగాలి. దాని అసలు అర్థం పట్టకారు. బొటనవేలు, చూపుడువేలు కలిసి పట్టకారులా పనిచేస్తాయి కాబట్టి ఆ జంటకు శాస్త్రంలో ఆ పేరు వచ్చింది. దండి దశకుమారచరితంలో అపహారవర్మ రాత్రి దొంగతనానికి బయలుదేరేటప్పుడు వెంట తీసుకుపోయిన సామగ్రిలో కూడా ‘సందంశకం’ ఉంది. అక్కడ అది నిజమైన పట్టకారు. ఒకే మాట ఒకచోట వస్తువు, మరొకచోట శరీరభాగం. కన్నపుదొంగ పనిముట్టు అతని శరీరానికి బయట ఉంది. దాన్ని పారేసి అతడు మళ్లీ రాజకుమారుడు కాగలడు. ముడి విప్పేవాడి పనిముట్టు అతని చేతివేళ్లే. పనిముట్టును తీసివేయాలంటే శరీరాన్ని కోయాలి.

కోసిన వేలు మరొక పని కూడా చేస్తుంది. మొదటి నేరం, రెండో నేరం, మూడో నేరం అని మెట్లుమెట్లుగా శిక్షను పెంచాలంటే, పట్టుబడినవాడు ఇంతకుముందు పట్టుబడ్డాడా లేదా అన్నది తెలియాలి. ఊరు మారితే పేరు మారుతుంది. వేలు మళ్లీ మొలవదు. వేళ్లు లేని చేయి తరవాతి న్యాయాధికారి ముందు పాత తీర్పును తనంతట తానే చదివి వినిపిస్తుంది. శిక్షే చిట్టా కావడమన్నది ఈ స్మృతివిధానంలో అంతర్గతంగా ఉన్న తర్కం.

అర్థశాస్త్రం ఈ విషయంలో స్మృతుల కన్నా భిన్నం. అది ప్రతి అంగచ్ఛేదానికీ ఒక వెల కట్టింది. మొదటి నేరానికి సందంశచ్ఛేదం లేదా 54 పణాలు. రెండో నేరానికి 100 పణాలు, మూడో నేరానికి కుడిచేయి లేదా 400 పణాలు ప్రత్యామ్నాయం. నాలుగోసారికి వెల లేదు, వధే. పైకి ఇది దయగా కనిపిస్తుంది. ఐదో అధికరణంలోని జీతాల పట్టికను పక్కన పెట్టి చూస్తే దాని బరువు తెలుస్తుంది. అక్కడ అట్టడుగు పరిచారకులకు, పశువులను చూసేవారికి నిర్ణయించిన వేతనం 60 పణాలు. దాన్ని పండితులు సాధారణంగా వార్షిక వేతనంగా వ్యాఖ్యానిస్తారు. అంటే రెండు వేళ్ల వెల ఒక పేదవాడి ఏడాది కష్టానికి ఇంచుమించు సమానం. ఆ సొమ్ము ఉన్నవాడు సంతలో ముడి విప్పవలసిన అవసరమే తక్కువ. శిక్షకు ప్రత్యామ్నాయం చట్టంలో ఉంది. దాన్ని వాడుకోగలిగే శక్తి నిందితుడికి లేదు.

కన్నానికి కావ్యగౌరవం

శిక్షల తీవ్రతనే కొలబద్దగా తీసుకొంటే కన్నపుదొంగే పెద్ద నేరస్థుడు. రాత్రి కన్నం వేసి దొంగిలించినవాడికి చేతులు నరికి శూలం మీద ఎక్కించాలని మనుస్మృతి విధించింది. కావ్యంలో మాత్రం ఈ లెక్క తలకిందులైంది.

శూద్రకుని మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు ఉజ్జయినిలో చారుదత్తుని ఇంటికి కన్నం వేస్తాడు. అతడు చతుర్వేదపండితుడి కొడుకు, బ్రాహ్మణుడు. వేశ్య వసంతసేన ఇంట దాస్యంలో ఉన్న మదనికను విడిపించడానికి అతనికి ధనం కావాలి. అతడు కార్తికేయుణ్ణి స్మరిస్తాడు, గురుపరంపరను తలచుకొంటాడు, వికసించిన పద్మం, సూర్యుడు, బాలచంద్రుడు, పూర్ణకుంభం మొదలైన ఏడు రకాల కన్నాల్లో ఏది తగినదో విచారిస్తాడు. కొలతదారం మరచిపోయి వచ్చినందుకు జందెంతో గోడ కొలుస్తాడు. శూద్రకుడి హాస్యం ఇందులో ఉందన్నది నిజమే. అయినా ఆ హాస్యం దొంగను చిన్నబుచ్చదు. తెల్లవారి కన్నం చూసిన చారుదత్తుడు ముందు దాని అందాన్ని మెచ్చుకొంటాడు. దొంగ వట్టి చేతులతో పోనందుకు సంతోషిస్తాడు. ఇంటివాడే దొంగ పనితనానికి రసికుడయ్యాడు. చివరకు శర్విలకుడు రాజ్యాన్నే మార్చిన తిరుగుబాటులో ఆర్యకుని పక్షాన నిలిచి గౌరవం పొందుతాడు.

అపహారవర్మ కథా ఇదే దారి. అతడు మిథిల రాజు ప్రహారవర్మ కొడుకు. చంపానగరంలోని లోభుల ధనం తీసి, అందులో కొందరు మోసపోయి పోగొట్టుకొన్న సొమ్మును వారికి చేర్చడానికి పూనుకొంటాడు. చోరశాస్త్రకర్త కర్ణీసుతుడు చూపిన మార్గమే తన మార్గమంటాడు. ఫణిముఖం, పట్టకారు, కృత్రిమశిరస్సు, మత్తుచూర్ణం, కొలతదారం, తాడు, దీపం ఆర్పడానికి పురుగులు నింపిన భరిణె అతని సామగ్రి. ఈ జాబితా చదివినవారికి ఒక వృత్తినిపుణుడి సంచి విప్పి చూసినట్లుంటుంది.

ఈ సందర్భంలో తెలుగు సాహిత్యచరిత్రకు ప్రత్యేకమైన ఒక అంశం ఉంది. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దండి కథను దశకుమారచరిత్రంగా తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు; అభినవదండి అనిపించుకొన్నాడు. అదే కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దొంగ సాహసాన్ని తెలుగు పాఠకుడికి కథగా చెప్పినదీ, దొంగను శిక్షించే శాస్త్రాన్ని తెలుగు పాఠకుడికి విధిగా చెప్పినదీ ఒకే కవి. ఈ రెండింటి మధ్య కవికి వైరుధ్యం కనబడవలసిన అవసరం లేకపోయింది. కథలోని దొంగ క్షత్రియుడు, ఆపద్ధర్మంగా ఆ పనికి దిగినవాడు. శాస్త్రంలోని దొంగ పేరులేనివాడు. పాఠకుడు ఇద్దరినీ ఒకే మనిషిగా ఎన్నడూ ఊహించుకోడు. తెలుగులో ఈ రెండు గ్రంథాలను విడివిడిగా, ఒకదాన్ని కథాకావ్యంగాను, మరొకదాన్ని ధర్మశాస్త్రంగాను చదవడమే సంప్రదాయం. పక్కపక్కన పెట్టి చదివితే 13వ శతాబ్ది పాఠకుడి మనస్సులో దొంగకు ఉన్న రెండు ముఖాలు కనిపిస్తాయి.

చేపలవాడు విన్న తిట్టు

గ్రంథిభేదకుడి పేరు ప్రసిద్ధ కావ్యంలో వినిపించే చోటు అభిజ్ఞానశాకుంతలం ఆరో అంకపు ప్రవేశకం. అక్కడ నిజంగా ముడి విప్పినవాడు ఎవడూ లేడు. శక్రావతారం రేవులో చేపలు పట్టుకొని బతికేవాడు రోహితమత్స్యం కడుపులో దొరికిన ఉంగరాన్ని అమ్మజూపి పట్టుబడతాడు. సూచకుడు, జానుకుడు అనే భటులు అతని చేతులు వెనక్కి విరిచికట్టి నడిపిస్తారు. రాజుగారి బావమరిది అయిన నాగరకుడు వారి పై అధికారి. విచారణ ఇంకా జరగలేదు, సాక్ష్యం లేదు. అయినా భటుడి నోట ‘గంఠిభేదఅ’ అన్న పిలుపు వస్తుంది. గ్రంథిభేదకుడన్న మాటకు అది ప్రాకృతరూపం. ముడి విప్పడమన్న చర్య పేరు ఇక్కడ మనిషి మీద వేసే ముద్రగా మారింది.

ఆ ముద్రకు ఆధారమేమిటో సంభాషణే చెబుతుంది. నాగరకుడు మొదట అతని కులవృత్తిని ఎత్తిపొడుస్తాడు. ఒంటి నుంచి వచ్చే పచ్చిమాంసపు వాసనను మాట్లాడతాడు. పుట్టుకతో వచ్చిన పని నిందితమైనా విడువరాదనీ, యజ్ఞంలో పశువును చంపే శ్రోత్రియుడూ దయగలవాడే కదా అనీ చేపలవాడు బదులిస్తాడు. భటులకు మాత్రం అతణ్ణి వధ్యశిలకు పంపే ముందు మెడలో వేసే పూలదండ కట్టడానికి చేతులు ఉవ్విళ్లూరుతున్నాయి. రాజు ఉంగరాన్ని గుర్తుపట్టి బహుమానం పంపగానే దృశ్యం మారిపోతుంది. చేపలవాడు ఆ సొమ్ములో సగం వారి పూలకు వెలగా ఇస్తాడు. నాగరకుడు స్నేహం కలుపుకొంటాడు. అందరూ కలిసి కల్లంగడికి బయలుదేరతారు.

ఈ దృశ్యాన్ని హాస్యఘట్టంగా, కథలో ముద్రికను తిరిగి రప్పించే సాధనంగా చదవడం పరిపాటి. చిల్లరదొంగ చరిత్ర దృష్టితో చదివితే ఇందులో ఒక అపురూపమైన సాక్ష్యం ఉంది. శర్విలకుడు నిజంగా దొంగిలించాడు, ఇంటివాడి మెప్పు పొందాడు. చేపలవాడు దొంగిలించలేదు, దొంగ పేరు పొందాడు. చివరకు సొమ్ములో వాటా పుచ్చుకొన్నది రక్షకులు. మాట జారకుండానే కాళిదాసు ఎవరు ఎవరి ముడి విప్పారో చూపించాడు.

అనుమానం పనిచేసే తీరు

కాళిదాసు చూపిన భటులు నాటకం కోసం కల్పించిన మూర్ఖులు మాత్రమే కారు. అనుమానం మీద మనిషిని పట్టుకొనే పద్ధతి అర్థశాస్త్రంలో క్రమబద్ధంగా ఉంది. పిత్రార్జితం, కుటుంబం క్షీణించినవాడు, తక్కువ జీతగాడు, ఊరు పేరు కులం తప్పుగా చెప్పేవాడు, వృత్తిని దాచేవాడు, మాంసం మద్యం పూలు బట్టల మీద మితిమీరి ఖర్చుపెట్టేవాడు, జూదానికి మరిగినవాడు, తరచూ ఊళ్లు తిరిగేవాడు అనుమానించదగినవారని అది వరుసగా చెబుతుంది. పేదవాడు అనుమానితుడు, పేదవాడై ఉండి ఖర్చుపెడితే మరింత అనుమానితుడు, ఒకచోట నిలవకపోతే ఇక చెప్పనక్కరలేదు. సంచారమే వృత్తిగా గలవారికి ఈ జాబితా నుంచి తప్పించుకొనే దారి లేదు.

అయితే అదే అర్థశాస్త్రం తన పద్ధతిని తానే శంకించింది. దొంగల దారిలో యాదృచ్ఛికంగా ఎదురైనవాడు, దొంగ వేషమో ఆయుధమో సొమ్మో పోలిన వస్తువు దగ్గర ఉన్నవాడు దొంగ కాకపోయినా పట్టుబడవచ్చు. దీనికి కౌటిల్యుడు ఇచ్చిన ఉదాహరణ ఆణిమాండవ్యుడు. హింసకు భయపడి, దొంగ కాకుండానే దొంగనని ఒప్పుకొన్నాడని అతడు రాశాడు. కనుక సమగ్రమైన ఆధారం దొరికితేనే శిక్షించాలని ముగించాడు. నన్నయ ఆదిపర్వం ద్వారా తెలుగువారికి తెలిసిన మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండి సమాధానం చెప్పనివాడు. దొంగలు ఆశ్రమంలో దాచిన సొమ్ము దొరికి అతడు శూలం ఎక్కవలసివచ్చింది. మహాభారతం ఆ అన్యాయానికి కారణం వెతుకుతూ యమధర్మరాజు దాకా, విదురుని పుట్టుక దాకా పోయింది. కౌటిల్యుడు అంత దూరం పోలేదు. అతనికి కారణం విచారణగదిలోనే దొరికింది. దెబ్బలకు ఓర్చుకోలేనివాడు ఏ నేరాన్నైనా ఒప్పుకొంటాడన్న ఎరుక ఆ ఒక్క ఉదాహరణలో ఉంది.

మాండవ్యుడు ఋషి కాబట్టి అతని కథ మిగిలింది, యముడికి శాపం తగిలింది. చేపలవాడికి రాజు ఉంగరం గుర్తుకు రావడం వల్ల బతుకు మిగిలింది. ఋషిత్వమూ ఉంగరమూ లేనివాడి సంగతి ఏ గ్రంథమూ చెప్పలేదు.

కోసిన వేలు నుంచి వేలిముద్రకు

1860 నాటి భారత శిక్షాస్మృతి అంగచ్ఛేదాన్ని ఎరుగదు. ముడి విప్పేవాడికి అందులో వేరే పేరు లేదు. సాధారణ దొంగతనం నిర్వచనంలోనే అతడూ ఇమిడిపోయాడు. చర్యకు మాత్రమే శిక్ష, మనిషి పుట్టుకతో నిమిత్తం లేదన్నది ఆ స్మృతి ప్రకటించిన సూత్రం. పదకొండేళ్లకే, 1871లో, వలసప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో ఆ విధానం మద్రాసు రాజధానికీ విస్తరించింది. శిక్షాస్మృతి నుంచి తొలగిన ‘పుట్టుదొంగ’ మరో చట్టం ద్వారా తిరిగి వచ్చాడు. తెలుగునాట ఎరుకలవారు ఈ చట్టం కింద నమోదయ్యారు. ఉప్పు, ధాన్యం మోసుకొంటూ ఊరూరా తిరిగిన వారి వర్తకం వలసపాలనలో దెబ్బతిన్న తీరును, అటుపై వారి సంచారమే నేరలక్షణంగా మారిన తీరును మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన అధ్యయనం వివరించింది. 20వ శతాబ్ది రెండో దశకంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల సమీపాన వెలసిన స్టూవర్టుపురం అటువంటి సెటిల్మెంటే. ఆ ఊరి పేరు తరవాత సినిమా పేర్లలోకీ ఎక్కి, దొంగకు పర్యాయపదంగా చలామణీ అయింది.

1911 చట్టం నమోదైన వ్యక్తి వేలిముద్రలను ఎప్పుడైనా తీసుకొనే అధికారం ఇచ్చింది. స్మృతికారులు నేరం చేసినవాడి వేలు కోసి గుర్తుపెట్టారు. వలసపాలకులు నేరం చేయకముందే వేలి గుర్తు తీసుకొన్నారు. మొదటిది క్రూరమైన శిక్షే అయినా ఒక చర్య తరవాత వచ్చేది. రెండోది రక్తం చిందనిది, చర్య కోసం ఎదురుచూడనిది. చేపలవాణ్ణి విచారణకు ముందే గ్రంథిభేదకుడని పిలిచిన భటుడి అలవాటుకు ఇక్కడ కాగితం, సిరా సమకూరాయి. ఆ చట్టం 1952లో రద్దయింది. అలా విడుదలైనవారికి ‘విముక్త జాతులు’ అన్న పేరు స్థిరపడింది.

ముగింపు

గ్రంథిభేదకుడి చరిత్రకు అతడు రాసుకొన్న ఆధారం ఒక్కటీ లేదు. అతణ్ణి శిక్షించినవారి సూత్రాలు, అతని పేరును తిట్టుగా వాడినవారి సంభాషణ, ధనాన్ని ముడివేసుకొన్నవారి పలుకుబడులు ఉన్నాయి. వాటి నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, చిల్లరదొంగతనం నగరపు సందడితో, ధనాన్ని ఒంటి మీద మోసే పద్ధతితో ముడిపడిన వృత్తి. ముడి పోయి జేబు వచ్చినప్పుడు దొంగ పేరు మారింది, పని మారలేదు. రెండోది, శాస్త్రం కన్నపుదొంగను ఎక్కువ కఠినంగా శిక్షించినా కావ్యం అతనికే గౌరవమిచ్చింది. ఆ గౌరవం అతని నేర్పుకు ఎంత దక్కిందో పుట్టుకకూ అంత దక్కింది. మూడోది, గ్రంథిభేదకుడన్న మాట చర్యను సూచించే స్థితి నుంచి ఒక వర్గాన్ని అనుమానించే స్థితికి కాళిదాసు కాలానికే చేరింది. వలసకాలపు చట్టాలు ఆ అనుమానాన్ని చిట్టాకెక్కించాయి.

‘కొంగుబంగారం’ అన్న మాటలో ముడి వేసుకొన్నవాడి నిశ్చింత మిగిలింది. ‘గంఠిభేదఅ’ అన్న పిలుపులో ముడి విప్పనివాడి భయం మిగిలింది. ప్రాచీన నగరజీవితాన్ని పునర్నిర్మించే సాహిత్యచరిత్ర ఈ రెండు మాటలనూ ఒకే వీధిలో విన్నప్పుడే ఆ నగరం పూర్తిగా కనిపిస్తుంది.